నాలుక చెప్పే తీర్పు

భిలాయి ఉక్కు కర్మాగారంలో కరిగిన ఉక్కు సుమారు 1600 డిగ్రీల వేడిలో కాగుతూ ఉంటుంది. దాన్ని వొంపే ముందు అందులోంచి చిన్న ముద్ద ఒకటి తీస్తారు. ఆ ముద్ద ప్రయోగశాలకు చేరుతుంది. అక్కడి స్పెక్ట్రోమీటరు దాని మీదికి ఒక విద్యుత్ మెరుపును దూకించి, ఆ వెలుగును విడదీసి చదివి, కర్బనం ఎంత, మాంగనీసు ఎంత, గంధకం ఎంత, భాస్వరం ఎంత అన్న లెక్కను కొద్ది నిమిషాల్లో తేల్చి చెబుతుంది. భాస్వరం హద్దు మీరితే ఆ ఉక్కు చలికి పెళుసుబారుతుంది. గంధకం మితిమీరితే ఎర్రగా కాలి ఉన్నప్పుడే చీలిపోతుంది. ఇక్కడ తయారయ్యే పట్టాల మీద రైళ్ళు పరుగెత్తాలి కనుక ఆ లెక్కలో మొహమాటానికి తావు లేదు. ముద్ద ఏ కొలిమిలోనిదో, ఆ పూట అధికారి ఎవరో యంత్రానికి తెలియదు, తెలియనక్కరలేదు కూడా.

అదే కర్మాగారంలో షిఫ్టు దిగిన ఉద్యోగి ఇంటికి పోతూ ఇండియన్ కాఫీ హౌస్‌లో కూర్చుంటాడు. 1957 ప్రాంతాల్లో కాఫీ బోర్డు తన కాఫీ హోటళ్ళను మూసివేయబూనినప్పుడు, ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో అక్కడి పనివారే సహకార సంఘాలుగా ఏర్పడి వాటిని నిలబెట్టుకున్న సంగతి చాలామందికి తెలిసినదే. జబల్పూరు సంఘం నడిపే హోటళ్ళు మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ పట్టణాల్లో విరివిగా కనబడతాయి, భిలాయిలోనూ ఉన్నాయి. తురాయి తలపాగా పెట్టుకున్న మనిషి తెచ్చి ఉంచిన కప్పు లోంచి ఒక గుక్క తాగి, ఆ ఉద్యోగి "ఇవాళ కాఫీ కుదరలేదు" అంటాడు. పగలంతా అంకెలతో మాట్లాడినవాడు సాయంకాలం నాలుకతో తీర్పు చెప్పాడన్నమాట. పక్క బల్ల దగ్గరి పెద్దమనిషికి అదే కాఫీ అమృతప్రాయంగా ఉంది. ఇద్దరిలో ఎవరి మాట ఒప్పు? తేల్చే యంత్రం ఏదీ?

యంత్రం లేదు గనుకనే లోకంలో కొందరికి రుచి చూడడమే జీవనోపాధి అయింది. వీరిలో ఎక్కువ ప్రతిష్ఠ గలవారు ద్రాక్షసారాయి నిపుణులు. ఒక నెల లండన్, మరొక నెల బ్రస్సెల్స్, ఆపైన హాంగ్‌కాంగ్ - ఏ నగరంలో పోటీ జరిగితే ఆ నగరానికి ప్రయాణం. ఇది వినగానే మనకు అసూయ కలుగుతుంది. విమానం టిక్కెట్టు, పెద్ద హోటలు, తాగినంత వైను, రాత్రికి విందు! వాస్తవం ఇంత కులాసాగా ఉండదు. పోటీ రోజున ఆ మనిషి ఉదయం కారం ముట్టడు, సెంటు పూసుకోడు, సిగరెట్టు వెలిగించడు. పది గంటలకల్లా తెల్లని బల్ల ముందు కూర్చుంటాడు. ఆ పూటకు యాభై, అరవై గ్లాసులు వస్తాయి. ఒక్కొక్కదాని రంగు చూసి, వాసన పీల్చి, ఒక గుక్క నోట పుక్కిలించి, పక్కనే ఉన్న తొట్టిలో ఉమ్మేస్తాడు. మన తాతల నాటి తమ్మపడిగకు ఇది దగ్గర చుట్టం. మింగితే పదో గ్లాసుకే తీర్పు తప్పుతుంది. నడుమ నడుమ రొట్టెముక్క, మంచినీళ్ళు. సాయంకాలానికి ఆ వగరుకు నాలుక మొద్దుబారి ఉంటుంది. రాత్రి విందులో వడ్డించిన మేలైన పదార్థాలను ఆయన ఏపాటి ఆస్వాదించగలడో ఊహించుకోవచ్చు.

ఇంత నియమం ఎందుకు? దానికి సమాధానం 1976 మే 24న పారిస్‌లో దొరికింది.

స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయుడు పారిస్‌లో వైన్ దుకాణం నడుపుతూ, దాని పక్కనే వైన్ పాఠశాల ఒకటి పెట్టుకున్నాడు. ఫ్రెంచివారికి ఒక ఆంగ్లేయుడు వైను గురించి చెప్పబూనడమే వింత. ఆ సంవత్సరం అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్ళు నిండుతున్నాయి. ఆ సందర్భంగా కాలిఫోర్నియా వైన్లను పారిస్‌లో పరిచయం చేద్దామని ఆయనా, ఆయన అమెరికన్ సహచరి పట్రీషియా గాలఘర్ కలిసి తలపెట్టారు. స్పరియర్ స్వయంగా కాలిఫోర్నియా వెళ్ళి తోటలు తిరిగి సీసాలు ఎంచుకున్నాడు. అన్ని సీసాలను ఒక్క మనిషి తెస్తే కస్టమ్స్‌లో చిక్కు. అదే సమయంలో ఫ్రాన్సు యాత్రకు బయలుదేరుతున్న కాలిఫోర్నియా వైన్ ప్రియుల బృందం వాటిని తమ సామానుతో పాటు మోసుకొచ్చింది.

ఇంటర్‌కాంటినెంటల్ హోటలులో తొమ్మిదిమంది ఫ్రెంచి తీర్పరులు కూర్చున్నారు. సామాన్యులు కారు. రొమానీ-కొంతి తోటల యజమానులలో ఒకడైన ఒబేర్ ద విలెన్, పేరొందిన వైన్ పత్రిక సంపాదకురాలు ఓదెత్ కాన్, గొప్ప భోజనశాలలు నడిపే రేమండ్ ఒలివేర్, జాన్-క్లోద్ వ్రినా వంటివారు వారిలో ఉన్నారు. ముందు పది తెల్ల వైన్లు, తరువాత పది ఎర్రవి. ప్రతి పదింటిలోను ఆరు కాలిఫోర్నియావి, నాలుగు ఫ్రాన్సువి. సీసాల మీది పేర్లు కనబడకుండా చేశారు. ఒక్కొక్కదానికి ఇరవైకి మార్కులు.

పత్రికలన్నిటికీ ఆహ్వానాలు వెళ్ళాయి గాని వచ్చినవాడు ఒక్కడే - టైమ్ వారపత్రిక విలేఖరి జార్జి టేబర్. అమెరికా వైను ఓడిపోవడం వార్త ఏముంటుందని తక్కినవారు రాలేదు కాబోలు. టేబర్ చేతిలో మాత్రం ఏ గ్లాసులో ఏది ఉందో తెలిపే జాబితా ఉంది. తీర్పరులలో ఒకరు ఒక గ్లాసు రుచి చూసి, హమ్మయ్య, తిరిగి ఫ్రాన్సుకు వచ్చామన్న ధోరణిలో నిట్టూర్చగా, టేబర్ జాబితా చూసుకున్నాడు. అది కాలిఫోర్నియాది. మరొకరు ఒక గ్లాసును వాసన లేదని తీసిపారేసి, ఇది తప్పక కాలిఫోర్నియాదే అన్నారు. అది బర్గండీది!

లెక్కలు కూడగా తెల్లవాటిలో మొదటి స్థానం షాతో మాంటెలీనా 1973కు వచ్చింది. ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 కొద్ది తేడాతో మూతోన్ రోచైల్డ్ 1970ను వెనక్కు నెట్టింది. రెండూ కాలిఫోర్నియావే. ఓదెత్ కాన్ తన మార్కుల కాగితం తిరిగి ఇచ్చేయమని పట్టుబట్టారు, స్పరియర్ ఇవ్వలేదు. ఫ్రెంచి ఎర్ర వైన్లు ముదిరితే గాని రుచి రావని, వాటిని పసిప్రాయంలో పోటీకి పెట్టారని తరువాత ఆక్షేపణ వచ్చింది. 2006లో ముప్పై ఏళ్ళు నిండిన సందర్భంగా అవే ఎర్ర వైన్లను లండన్, కాలిఫోర్నియాలలో మళ్ళీ రుచి చూశారు. ముదిరినా మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియాకే దక్కాయి. ఆ తొమ్మిదిమంది నాలుకలు 1976లో అబద్ధం చెప్పలేదు. పేరు కనబడి ఉంటే చెప్పేవేమో!

ఇక్కడితో ఆపితే ఇది తీర్పరుల ఘనత చాటే కథ అవుతుంది. కాని కథకు రెండో వైపు కూడా ఉంది. 2001లో ఫ్రాన్సులోని బోర్డో విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రెదెరిక్ బ్రొషే మిత్రులతో కలిసి ప్రచురించిన పరిశోధన ఒకటి. 54 మంది వైన్ విద్యార్థులకు తెల్ల వైను ఇచ్చి వర్ణించమన్నారు. తరువాత అదే తెల్ల వైనులో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. రెండోసారి విద్యార్థులు వాడిన మాటల్లో ఎక్కువ భాగం ఎర్ర వైనును వర్ణించే మాటలే. ముక్కు పీల్చిన దానిని కన్ను దిద్దిందన్నమాట. కాలిఫోర్నియాలో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ఆచార్యుడు స్వయంగా వైన్ తయారు చేసేవాడు. పోటీల్లో తన వైనుకు ఒకచోట బంగారు పతకం, మరొకచోట శూన్యం ఎందుకు వస్తున్నదో ఆయనకు అంతుబట్టలేదు. 2005 నుంచి కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో నిర్వాహకుల అంగీకారంతో ఒక పరీక్ష జరిపాడు. ముప్పై గ్లాసుల వరుసలో ఒకే సీసాలోని వైనును మూడుచోట్ల, తీర్పరులకు తెలియకుండా ఉంచాడు. మూడింటికీ ఒకే స్థాయి మార్కులు వేయగలిగినవారు సుమారు పదిమందిలో ఒకరు! పైగా ఒక ఏడాది నిలకడ చూపినవారు మరుసటి ఏడాది చూపలేకపోయారు.

అయితే ఈ వృత్తి అంతా బూటకమా? అట్లా అనడం తొందరపాటు. స్పెక్ట్రోమీటరును సైతం ప్రామాణికమైన ముద్దతో తరచు సరిచూడకపోతే అదీ తప్పు లెక్క చూపుతుంది. ఒక్క నాలుక నమ్మదగినది కాదు. పేరు దాచి, అదే నమూనాను ఒకటికి నాలుగుసార్లు ఇచ్చి, పదిమంది విడివిడిగా వేసిన మార్కులను కూడితే వచ్చే తీర్పుకు మాత్రం విలువ ఉంది. ఆ నియమాలను ఎంత గట్టిగా పాటించారన్నదే అసలు ప్రశ్న.

ఆ పాటింపును తెలుగునేల మీద చూడాలంటే భిలాయి నుంచి ఒక రాత్రిలో చేరగల చోటికి వెళ్ళాలి. ఉక్కు పనికి భిలాయి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వారు అనేకులు. వారికి టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం మీదుగా విశాఖ వెళ్ళే రైలు మార్గం కంఠోపాఠం. 2024 సెప్టెంబరులో దుర్గ్ నుంచి విశాఖకు వందే భారత్ కూడా మొదలైంది. విశాఖ నుంచి కిరండూల్ రైలెక్కితే సొరంగాల వెంట సొరంగాలు దాటుకుంటూ అరకు చేరుకోవచ్చు. ఆ మార్గం వేసింది యాత్రికుల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని బైలాడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేసేందుకు 1960లలో విశాఖ రేవు దాకా వేశారు. నేటికీ అరకు కాఫీ తోటల పక్క నుంచి ఎర్రటి ఖనిజం నిండిన వాగన్లు దిగువకు సాగిపోతూనే ఉంటాయి.

తూర్పు కనుమల్లో కాఫీ 1898లో గోదావరి మన్యంలోని పాములేరు లోయలో బ్రాడీ అనే ఆంగ్లేయుడు నాటడంతో మొదలైందంటారు. అరకు ప్రాంతంలో అటవీశాఖ 1960ల నుంచి తోటలు వేసింది. తరువాత గిరిజన కుటుంబాలకు ఎకరం, రెండెకరాలుగా అందాయి. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల సరసన కాఫీ మొక్క పెరుగుతుంది. కాయ పండగానే కోసి, ఇంటి ముంగిట ఎండబోసి, సంతకు వచ్చే వర్తకుడికి అమ్మడం - చాలాకాలం జరిగింది ఇంతే. పచ్చికాయ, దోరకాయ, పండు, నేల రాలినది అన్నీ ఒకే బస్తాలో. విడగొట్టినందుకు పైసా ఎక్కువ రానప్పుడు ఎవరు విడగొడతారు? ఆ ఇళ్ళలో తాగేది రాగి అంబలి, వేడుకకు జీలుగు కల్లు. కాఫీ తాగే అలవాటు తక్కువ. పండించినవాడికి పంట రుచి తెలియదు.

నాంది ఫౌండేషన్ ఈ రైతులతో కలిసి పనిచేయసాగి, 2009 నుంచి 'జెమ్స్ ఆఫ్ అరకు' పేరిట ఏటా రుచి పోటీ జరిపింది. అమెరికాకు చెందిన షెర్రీ జాన్స్ వంటి విదేశీ నిపుణులు తీర్పరులుగా వచ్చారు. వైన్ తీర్పరి ప్రయాణానికి మన నేల మీద అచ్చమైన సాటి ఇదే.

కాఫీ పరీక్షించే విధానం వైన్ కంటె కఠినమనాలి. ప్రపంచమంతటా దీర్ఘకాలం వాడుకలో ఉన్న పద్ధతి ఇది: గింజను లేతగా వేయించి, ఇరవై నాలుగు గంటలలోపు మర పట్టిస్తారు. ఒక్కొక్క నమూనాకు అయిదు గిన్నెలు. గిన్నెకు ఎనిమిది గ్రాములకు కాస్త పైచిలుకు పొడి, 150 మిల్లీలీటర్ల నీరు, మరుగుకు కొద్దిగా దిగువన 93 డిగ్రీల వేడిలో. ముందు పొడి పొడిగానే వాసన. నీరు పోసి నాలుగు నిమిషాలు ఆగితే పైన మందపాటి తెట్టు కడుతుంది. తీర్పరి ముక్కు దాదాపు ముంచినంత దగ్గరగా వంగి, చెంచాతో ఆ తెట్టును చీల్చగానే గుప్పుమని వచ్చే ఆవిరిని పీలుస్తాడు. తరువాత చెంచాతో తీసి, జుర్రున పెద్ద చప్పుడుతో పీలుస్తాడు. మన ఇళ్ళలో పిల్లలు అట్లా తాగితే చీవాట్లు తప్పవు. ఇక్కడ అది శాస్త్రం! అంత గట్టిగా పీలిస్తేనే కాఫీ తుంపరలై నోరంతా చిమ్మి, దాని వాసన గొంతు వెనుక నుంచి ముక్కుకు ఎక్కుతుంది. నాలుక తెలుసుకునేది నాలుగైదు రుచులే; తక్కిన ఐశ్వర్యమంతా ముక్కుదే.

అయిదు గిన్నెలు ఎందుకో గమనించాలి. ఒకే నమూనాలోని అయిదింటిలో ఒక్కటి పులిసినట్లున్నా, ముక్కవాసన వేసినా, కోతలోనో ఆరబెట్టడంలోనో ఎక్కడో తప్పు దొర్లిందని అర్థం. ఒక్క చెడిన గింజ ఒక గిన్నెను పట్టిస్తుంది. హాడ్జ్‌సన్ వైన్ తీర్పరుల కోసం పన్నిన వల కాఫీవారి పద్ధతిలో మొదటి నుంచే ఉన్నదన్నమాట - ఇక్కడ అది గింజను పట్టుకోవడానికి. మొత్తం నూరు మార్కులు. ఎనభై దాటితేనే మేలురకం. కాగితం మీద రైతు పేరు ఉండదు, ఊరి పేరు ఉండదు, ఒక అంకె మాత్రం ఉంటుంది.

తీర్పు చెప్పడానికి భాష కావాలి. 1984లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ అనే శాస్త్రజ్ఞురాలు వైన్ వాసనలకు ఒక చక్రం గీశారు: మధ్యలో 'పండు', దాని చుట్టూ 'పుల్లని పండు', 'ఎండిన పండు', ఆపైన వాటి పేర్లు. 1990లలో కాఫీకీ అటువంటి చక్రం వచ్చింది. అందులో బ్లాక్‌బెర్రీ, రాస్ప్‌బెర్రీ, మేపుల్ పాకం ఉంటాయి. అరకు రైతు ఎన్నడూ చూడనివే అవన్నీ. నేరేడు, చింత, నల్లబెల్లం, పనసతొన అందులో ఎవరు చేర్చాలి? నిజానికి రుచిని చెప్పడంలో తెలుగు బీదది కాదు. షడ్రుచులలో 'వగరు'కు స్థానం ఇచ్చిన సంప్రదాయం మనది. వైన్‌లో టానిన్ చేసే పనికి అంతకంటె సరైన మాట లేదు. చప్పన, కనరు, కమ్మన - 'కమ్మన'ను ఇంగ్లీషులోకి తెచ్చే ప్రయత్నం చేసినవారెవరైనా చేతులెత్తేయక తప్పదు. ఇన్ని మాటలుండీ, మన కాఫీకి మార్కులు వేసేటప్పుడు పరాయి తోటల పండ్ల పేర్లే అరువు తెచ్చుకుంటున్నాము.

ఆ తీర్పు పర్యవసానం ఏమిటి? పారిస్‌లో 1976లో గెలిచినవారికి ముందే తోటలు, పెట్టుబడి, సీసాలు ఉన్నాయి. అరకులో గెలిచినవారికి ఉన్నది కొండవాలు మీద ఎకరమో రెండో. ఎర్రగా పండినది మాత్రమే కోయాలి, అదే రోజు గింజ తీయించాలి, నేలకు తగలకుండా ఎత్తైన బల్లల మీద ఆరబెట్టాలి - ఈ నియమాలు ఒకరు ఆజ్ఞాపిస్తే పాటించేవారు కొందరే ఉండేవారు. ఏ ఊరి గింజకు ఎందుకు మార్కులు తగ్గాయో తెలిసినప్పుడు అవి రైతు సొంత నియమాలు అయ్యాయి. 2017లో పారిస్ నగరంలో అరకు కాఫీ దుకాణం తెరుచుకుంది. 2018లో ఆ నగరంలోనే ప్రి ఎపిక్యూర్ పోటీలో దానికి బంగారు పతకం వచ్చింది. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు దక్కింది. కాలిఫోర్నియా వైన్‌కు తీర్పు చెప్పిన ఊరే అరకు కాఫీకీ తీర్పు చెప్పింది. ఎదురుగా మరో మాట కూడా చెప్పుకోవాలి: పతకం సంస్థకూ, ఊరికీ వస్తుంది, గింజ కోసిన మనిషికి పండుకు ఇంత అని అందే సొమ్ములో అది ఎంత కనబడుతుందో ప్రతి ఏటా లెక్క చూసుకుంటూ ఉండవలసిందే.

భిలాయి చుట్టుపక్కల అడవి ఊళ్ళలో మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఆడవాళ్ళు, పిల్లలు గంపలు పట్టుకుని చెట్ల కిందికి చేరుతారు. అది ఇప్పచెట్టు, అక్కడివారి మాటలో మహువా. లేత పసుపు రంగు పువ్వు రాత్రి విచ్చి, తెల్లవారుజామున నేల రాలుతుంది. పట్టుకుంటే కండగా, కొరికితే తేనెలా ఉంటుంది. ఎండబెడితే ఎండుద్రాక్షలాగా ముడుచుకుంటుంది. దాన్ని పులియబెట్టి దించే సారాకు ఎన్ని తరాల చరిత్ర ఉన్నదో! పుట్టుకకు, పెళ్ళికి, చావుకు, దేవతకు మొదటి చుక్క అదే.

ఆ సారాకు ఇంతవరకు దక్కిన తీర్పులన్నీ చట్టం చెప్పినవే. 1878లో బొంబాయి ఆబ్కారీ చట్టం, 1892లో మౌరా చట్టం. రెండోది పువ్వును ఏరుకోవడాన్ని, ఇంట్లో నిలవ చేసుకోవడాన్ని కూడా కట్టడి చేసింది. సర్కారు సారాకు పోటీ రాకూడదన్నది దాని ఉద్దేశం. ఆ సారా మంచిదా చెడ్డదా అని అప్పుడు ఎవరూ ఒక గుక్క తాగి చూడలేదు. స్వాతంత్ర్యం తరువాత కూడా అది కాగితాల మీద 'నాటుసారా'గానే మిగిలింది. 2021 నవంబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం దాన్ని వారసత్వ మద్యంగా అమ్మనిస్తామని ప్రకటించింది.

పువ్వుకు మాత్రం కొత్త దారి దొరికింది. చెట్టు కింద వలలు కట్టి, మట్టి అంటకుండా పట్టిన పువ్వుకు మంచి ధర వస్తున్నది. ఏరడానికి వీలుగా నేల మీది ఆకులకు నిప్పు పెట్టే అవసరమూ తగ్గుతున్నది. 2021 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా ప్రాంతపు గిరిజనులు ఏరి ఎండబెట్టిన ఇప్పపువ్వు ఓడలో ఎగుమతి అయింది. అది వెళ్ళిన దేశం ఫ్రాన్సు.